స్పానిష్ పదంలో ఎక్కడ నొక్కాలి, గీత ఎప్పుడు పెట్టాలి

హైదరాబాద్‌లో ఇప్పుడు స్పానిష్ నేర్చుకునేవాళ్ళు బాగానే కనిపిస్తున్నారు. భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో డిగ్రీ చేసేవాళ్ళు ఉన్నారు, గచ్చిబౌలి వైపు లాటిన్ అమెరికా కస్టమర్లతో మాట్లాడే సపోర్ట్ జాబ్ కోసం రాత్రిళ్ళు ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళకి క్రియల టేబుల్స్ నోటికి వచ్చేస్తాయి, ఏ పదం ఆడ ఏ పదం మగ అన్నది కూడా మెల్లగా పట్టుబడుతుంది, కానీ అచ్చుల మీద పెట్టే ఆ చిన్న ఏటవాలు గీత దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగం మంది తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు, మిగతా సగం మంది ఏ పదానికి గీత ఉంది ఏ పదానికి లేదు అని ఒక్కోటీ బట్టీ పడుతుంటారు. రెండూ అక్కర్లేదండి. ఆ గీతకి రూల్ ఉంది, అది చాలా అందమైన రూల్, ఒకసారి పట్టుకుంటే ఇంతకుముందు ఎప్పుడూ చూడని పదాన్ని కూడా ఎక్కడ నొక్కి చదవాలో కాగితమే చెప్పేస్తుంది. ఇంగ్లీష్ స్పెల్లింగ్ మనకి ఈ సాయం ఎప్పుడూ చెయ్యలేదు కదా.

అసలు గీత లేకపోతే ఏమవుతుందో ముందు చూద్దాం. స్పానిష్‌లో "పగొ" అంటే నేను కడతాను (పేమెంట్ అనే అర్థం కూడా ఉంది). అవే అక్షరాలకి చివరి ఓ మీద గీత పెడితే అతను లేదా ఆమె కట్టేశారు అని అర్థం. కస్టమర్ డబ్బులు కట్టాడా, నేను కడతానంటున్నానా, ఆ తేడా మొత్తం ఒక గీతలో ఉంది. ఇదేదో ఒక్క పదానికి జరిగేది కాదు, "అర్" తో అంతమయ్యే మామూలు క్రియలన్నింటిలో దాదాపు ఇదే కథ. "అబ్లొ" అంటే నేను మాట్లాడతాను, చివర గీత పెడితే అతను మాట్లాడాడు. "తెర్మినొ" అయితే మూడు రకాలు: మొదట్లో నొక్కితే పదం, గడువు, ముగింపు లాంటి అర్థాలు, మధ్యలో నొక్కితే నేను ముగిస్తాను, చివర్లో నొక్కితే అతను ముగించాడు. అక్షరాలు మూడింటికీ అవే.

ఇక్కడో చిన్న మాట. స్పానిష్ పదాల్ని ఇక్కడ తెలుగులో, సిలబుల్స్‌గా విడగొట్టి, అన్నీ హ్రస్వాలతోనే రాస్తున్నా. స్పెల్లింగ్‌లో గీత ఉన్న సిలబుల్ తర్వాత ´ గుర్తు పెడతా. అంటే పైన చెప్పినవి ప-గొ, ప-గొ´, ఇంకా తెర్´-మి-నొ, తెర్-మి-నొ, తెర్-మి-నొ´ అన్నమాట.

హ్రస్వాలతోనే ఎందుకంటే, మన చెవి మనల్ని మోసం చేసేది అక్కడే. తెలుగులో అర్థాన్ని మార్చేది దీర్ఘం. పడు వేరు పాడు వేరు, వడ వేరు వాడ వేరు. కానీ "పాడు" ని మొదట నొక్కి పలికినా చివర నొక్కి పలికినా అది పాడే, ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. స్పానిష్‌లో సరిగ్గా తిరగబడి ఉంటుంది, అచ్చు పొడుగ్గా పలికారా పొట్టిగా పలికారా అన్నదానికి అర్థంతో సంబంధమే లేదు, ఏ సిలబుల్ మీద బలం పడింది అన్నదే లెక్క. అందుకే మనం స్పానిష్ విన్నప్పుడు నొక్కిన చోట దీర్ఘం వినిపించినట్టు అనిపిస్తుంది, నోట్స్‌లో "పాగో" అని, "పగో" అని రాసేసుకుంటాం. వినడానికి అది కొంతవరకు పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం ఇబ్బంది, ఎందుకంటే అచ్చుని సాగదీస్తాం కానీ దాని మీద బలం పెట్టం, "పాగో" లో రెండూ దీర్ఘాలే అయితే వినేవాడికి ఏది నొక్కారో తెలీదు. స్పానిష్ నొక్కులో మూడూ కలిసి ఉంటాయి: గొంతు కాస్త పైకి లేస్తుంది, బలం కాస్త పెరుగుతుంది, నిడివి కూడా కాస్త పెరుగుతుంది, ఏదీ అతిగా కాదు. ఒక విషయంలో మాత్రం తెలుగువాళ్ళు అదృష్టవంతులు. ఇంగ్లీష్ వాళ్ళలాగా నొక్కని అచ్చుల్ని మింగేసే అలవాటు మనకి లేదు, ప్రతి అచ్చునీ పూర్తిగా పలుకుతాం, స్పానిష్‌కి కావాల్సిందీ అదే.

నొక్కు ఎక్కడుందో చెవికి దొరకట్లేదా? ఆ పదం ఒక మనిషి పేరు అనుకుని రోడ్డుకి అటువైపు ఉన్నవాళ్ళని పిలిచినట్టు గట్టిగా పిలవండి. చొక్కాని స్పానిష్‌లో క-మి-స అంటారు, గట్టిగా పిలిస్తే "కమీ...స" అని మధ్యలోనే సాగుతుంది. మొదటిది సాగదీసి చూడండి, చివరిది సాగదీసి చూడండి, అప్పటికే ఆ పదం నాలుగుసార్లు విని ఉంటే ఆ రెండూ వెంటనే తేడాగా అనిపిస్తాయి. స్పానిష్ టీచర్లు పిల్లలకి కూడా ఇలాగే చెప్తారు.

ఇప్పుడు అసలు రూల్. స్పానిష్ పదాల్లో ఎక్కువ భాగం చివరి నుంచి రెండో సిలబుల్ మీద నొక్కేవే. కాబట్టి భాష దాన్నే మామూలు అనుకుని, మామూలుగా ఉన్నవాటికి గీత పెట్టదు, దారి తప్పినవాటికి మాత్రమే పెడుతుంది. మామూలు అంటే ఏంటో చివరి అక్షరం నిర్ణయిస్తుంది. పదం అచ్చుతో గానీ, ఎన్ తో గానీ, ఎస్ తో గానీ అయిపోతే నొక్కు చివరి నుంచి రెండో సిలబుల్ మీద ఉంటుందని లెక్క. వేరే ఏ హల్లుతో అయిపోయినా చివరి సిలబుల్ మీదే ఉంటుందని లెక్క. ఈ లెక్క ప్రకారం నడిచిన పదానికి గీత లేదు, దీనికి ఎదురు తిరిగిన పదానికి నొక్కు ఉన్నచోట గీత. అంతే, ఇదే గుండెకాయ లాంటి రూల్.

మనకి తెలిసిన పేర్లతో చూస్తే ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ కప్పు కొట్టినప్పుడు కోచ్‌గా ఉన్నది మనోలో మార్కెజ్, స్పెయిన్ ఆయన. టెన్నిస్‌లో కార్లోస్ అల్కరాజ్ కూడా స్పెయిన్ అబ్బాయే. రెండు ఇంటిపేర్లూ జెడ్ తోనే అయిపోతాయి. కోచ్ పేరు మర్´-కెస్, గీత ఉంది. టెన్నిస్ అబ్బాయి పేరు అల్-క-రస్, గీత లేదు. ఎందుకంటే జెడ్ అనేది ఎన్ కాదు ఎస్ కాదు, కాబట్టి నొక్కు చివర్లో ఉండాలి, అల్కరాజ్ బుద్ధిగా చివర్లోనే నొక్కించుకుంటాడు, గీత అక్కర్లేదు. మార్కెజ్ మాత్రం మొదట్లో నొక్కాలి, అందుకే గీత పెట్టి చెప్తున్నారు. గోమెజ్, పెరెజ్, లోపెజ్, సాంచెజ్, రోడ్రిగెజ్, హెర్నాండెజ్, ఇలా జెడ్ తో అయిపోయే ఇంటిపేర్లలో చాలావాటి మీద గీత కనిపించడానికి కారణం ఇదొక్కటే. ఇంకో సంగతి గమనించాలి. లాటిన్ అమెరికాలో ఆ జెడ్‌ని "స" లాగానే పలుకుతారు, అందుకే నేను "కెస్" అని రాశా, కానీ రూల్ చూసేది చెవికి వినపడేదాన్ని కాదు, రాసిన అక్షరాన్ని. వినడానికి ఎస్ లాగా ఉన్నా రాసింది జెడ్ అయితే అది "వేరే హల్లు" కిందకే వస్తుంది.

ఊళ్ళ, దేశాల పేర్లు తీసుకోండి. మ-ద్రిద్, చివర హల్లు, నొక్కు చివర, గీత లేదు. క-ర-కస్, చివర ఎస్, నొక్కు మధ్యలో, గీత లేదు. లి-మ, బర్-సె-లొ-న, గీత లేదు. బొ-గొ-త´, ప-న-మ´, పె-రు´, అచ్చుతో అయిపోతూ కూడా చివర్లోనే నొక్కుతున్నాయి, కాబట్టి గీత. మె-దె-యిన్´ కూడా అంతే, చివర ఎన్ ఉండి చివరే నొక్కాలి. ఇక మె´-హి-కొ, కొర్´-దొ-బ, మ´-ల-గ లాంటివి చివరి నుంచి మూడో సిలబుల్ మీద నొక్కేవి. వీటికి చివరి అక్షరం చూడనే అక్కర్లేదు, మూడో దాని మీదకి, అంతకన్నా వెనక్కి నొక్కు పోయిందంటే ఎప్పుడైనా సరే గీత పెట్టాల్సిందే. సంగీతం, టెలిఫోన్, నంబర్, డాక్టర్, పేజీ, వీటికి స్పానిష్‌లో వాడే మాటలన్నీ ఈ జాతివే, అందుకే మొదటి నెలలోనే ఇన్ని గీతలు కనిపించి కంగారు పెడతాయి. పుస్తకాల్లో చివర నొక్కేవాటిని అగుద అని, రెండోదాన్ని యాన అని, మూడోదాన్ని ఎస్ద్రుహుల అని అంటారు, పరీక్షలకి ఈ పేర్లు కావాలి గానీ చదవడానికి రాయడానికి పేర్లు అక్కర్లేదు.

మరి అన్ని హల్లుల్లో ఎన్, ఎస్ కి మాత్రమే ఎందుకీ ప్రత్యేక మర్యాద? చాలామంది దీన్ని అడగకుండానే బట్టీ పడతారు, నాకు మాత్రం మొత్తం రూల్‌లో బాగా నచ్చేది ఇదే. స్పానిష్‌లో బహువచనం ఎస్ తో వస్తుంది, క-స ఇల్లు, క-సస్ ఇళ్ళు. క్రియలో "వాళ్ళు" అనే రూపం ఎన్ తో వస్తుంది, అ-బ్ల అతను మాట్లాడతాడు, అ-బ్లన్ వాళ్ళు మాట్లాడతారు. ఈ రెండూ తగిలించినప్పుడు నొక్కు జరగదు, ఉన్నచోటే ఉంటుంది. ఎన్, ఎస్ లని కూడా మామూలు హల్లుల్లో కలిపేసి ఉంటే భాషలో ఉన్న బహువచనాల్లో సగానికి పైగా గీతలు పెట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. తక్కువ గీతలతో పని అయిపోవాలని ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది.

ఇక మనవాళ్ళు బాగా తడబడేది సిలబుల్స్ లెక్కపెట్టేటప్పుడు. చివరి నుంచి రెండోది అని ఈజీగా అనేశాం కానీ లెక్కే తప్పితే రెండోది ఏదో ఎలా తెలుస్తుంది? దీనికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో రెండు అచ్చులు పక్కపక్కన నిలబడలేవు, మధ్యలో య వచ్చి చేరుతుంది, స్కూల్లో చదువుకున్న యడాగమం అదే. మా + అమ్మ అంటే మాయమ్మ. కాబట్టి ఇ, అ పక్కపక్కన కనపడగానే మన నోరు "ఇయ" అని రెండు సిలబుల్స్ చేసేస్తుంది. కొలంబియాని మనం కొ-లం-బి-యా అని నాలుగు ముక్కలుగా పలుకుతాం. స్పానిష్‌లో అది మూడే, కొ-లొమ్-బ్య. చివరి నుంచి రెండోది "లొమ్", నొక్కు అక్కడే, గీత అక్కర్లేదు. నాలుగు అనుకుంటే మాత్రం రెండోది "బి" అయిపోయి "కొలొంబీయ" అని నొక్కేస్తాం, వినేవాళ్ళకి అది వేరే పదంలా తగులుతుంది. బొలీవియా కూడా మూడే. కథ, చరిత్ర అనే అర్థంలో వాడే ఇస్-తొ-ర్య మూడే. నీళ్ళు, అ-గ్వ, రెండే.

దీనికి స్పానిష్ చెప్పేది ఏంటంటే, అ ఎ ఒ బలమైన అచ్చులు, ఇ ఉ బలహీనమైనవి. బలమైనది, నొక్కు లేని బలహీనమైనది పక్కపక్కన వస్తే రెండూ కలిసిపోయి ఒకే సిలబుల్. రెండు బలహీనమైనవి వచ్చినా కలిసిపోతాయి. రెండు బలమైనవి వస్తే మాత్రం విడివిడిగానే ఉంటాయి, పద్యాన్ని పొ-ఎ-మ అంటారు, మూడు సిలబుల్స్. మరి బలహీనమైనదే నొక్కి పలకాల్సి వస్తే? అప్పుడు అది పక్కదానితో కలవదు, విడిగా నిలబడుతుంది, అలా నిలబడిందని చెప్పడానికి దాని మీద గీత పెడతారు, చివరి అక్షరం ఏదైనా సరే, పైన చెప్పిన పెద్ద రూల్ ఏం చెప్పినా సరే. మారియో, మారియా అన్న రెండు పేర్లు పక్కపక్కన పెట్టుకోండి. అబ్బాయి మ-ర్యొ, రెండు సిలబుల్స్, మొదటిది నొక్కు, గీత లేదు. అమ్మాయి మ-రి´-అ, మూడు సిలబుల్స్, మధ్యలో ఇ మీద గీత. మందుల షాపు ఫర్-మ-స్య, గీత లేదు, పోలీస్ పొ-లి-సి´-అ, గీత ఉంది. దేశం అనే మాట ప-ఇస్´, రోజు అనే మాట ది´-అ, నది అనే మాట ర్రి´-ఒ. ఇలాంటివి చదివేటప్పుడు గీత కనిపించిందంటే మన యడాగమం అలవాటుని వదిలేయొచ్చు, గీత లేదంటే ఆ రెండు అచ్చుల్నీ ఒకే ఊపులో పలకాలి. నన్నడిగితే తెలుగువాళ్ళు స్పానిష్ గీతల మీద పెట్టే టైమ్‌లో సగం ఈ ఒక్క విషయం మీదే పెట్టాలి, మిగతాది దానంతటదే వస్తుంది.

బహువచనం దగ్గర ఇంకో తమాషా కనిపిస్తుంది, గీత వస్తూ పోతూ ఉంటుంది. పాట కన్-స్యొన్´, పాటలు కన్-స్యొ-నెస్, గీత పోయింది. కుర్రాడు హొ-వెన్, కుర్రాళ్ళు హొ´-వె-నెస్, గీత వచ్చింది. చాలామంది దీన్ని ఎక్సెప్షన్ అనుకుంటారు, కాదు. నొక్కు ఎక్కడికీ కదల్లేదు, ఒక సిలబుల్ కొత్తగా చేరడంతో చివరి నుంచి లెక్క మారింది, అంతే. పరీక్ష ఎక్-స-మెన్, పరీక్షలు ఎక్-స´-మె-నెస్. నిజంగానే నొక్కు జరిగే పదాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, పాలన అనే అర్థంలో రె´-హి-మెన్ బహువచనంలో రె-హి´-మె-నెస్ అవుతుంది, స్వభావం లేదా అక్షరం అనే అర్థంలో క-రక్´-తెర్ కాస్తా క-రక్-తె-రెస్ అయ్యి గీత కూడా పోగొట్టుకుంటుంది.

క్రియ వెనక సర్వనామాలు అతుక్కున్నప్పుడూ ఇదే లెక్క. కొమ్-ప్ర అంటే కొను, కొమ్´-ప్ర-లొ అంటే దాన్ని కొను, కొమ్´-ప్ర-మె-లొ అంటే దాన్ని నాకు కొనిపెట్టు. నొక్కు మొదటి సిలబుల్ మీదే కూర్చుంది, వెనక తోక పెరిగేకొద్దీ గీత తప్పనిసరి అయింది. స్పెయిన్‌లో ఫోన్ ఎత్తగానే చెప్పండి అన్నట్టుగా అనే ది´-గ-మె కూడా ఈ కోవలోదే, సపోర్ట్ పనిలోకి వెళ్ళేవాళ్ళు ఇది ఎలాగూ వింటారు. ఇంగ్లీష్‌లో -లీ లాగా స్పానిష్‌లో -మెంతె అని ఉంటుంది, దాని ముందున్న మాటకి గీత ఉంటే అలాగే ఉంచెయ్యాలి, లేకపోతే కొత్తగా పెట్టకూడదు.

ఇక వినడానికి ఒకేలా ఉండే చిన్న మాటల సంగతి. ఒకే సిలబుల్ ఉన్న మాటకి గీత పెట్టాల్సిన అవసరమే లేదు, నొక్కడానికి ఇంకో చోటే లేదు కదా. అయినా కొన్ని జంటల్లో అర్థం తేడా చూపించడానికి ఒకదాని మీద పెడతారు. "తు" అంటే నీ, గీత పెడితే నువ్వు. "ఎల్" అంటే నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్, గీత పెడితే అతను. "సి" అంటే ఒకవేళ, గీత పెడితే అవును. "తె" అంటే నిన్ను, గీత పెడితే తాగే టీ. "మి" అంటే నా, గీత పెడితే "నా కోసం" లాంటి చోట్ల ప్రిపోజిషన్ తర్వాత వచ్చే రూపం. దీన్ని చూసి "తి" కి కూడా గీత పెట్టేస్తుంటారు, పెట్టకూడదు, ఎందుకంటే "తి" కి వేరే అర్థంలో జంట మాట లేనే లేదు. ప్రశ్న పదాలు ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, వీటికి ప్రశ్నలో గీత ఉంటుంది, "అతనికి ఏం కావాలో నాకు తెలీదు" లాంటి వాక్యంలో ప్రశ్న గుర్తు లేకపోయినా గీత ఉంటుంది, లోపల ప్రశ్న దాగి ఉంది కాబట్టి. "నువ్వు రావాలని కోరుకుంటున్నా" లోని "అని" లాంటి పని అదే మాట ("కె") చేసినప్పుడు మాత్రం ఉండదు.

ఈ రూల్స్ అన్నీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, మార్చుకుంటూ వచ్చారు. స్పానిష్ భాషా అకాడమీ, రియల్ అకాదెమియా ఎస్పన్యోలా, 1713లో మొదలైంది. చూశాడు, ఇచ్చాడు, అయ్యాడు అనే అర్థాల్లో వచ్చే ఏక సిలబుల్ మాటల మీద ఒకప్పుడు గీతలు ఉండేవి, 1952లో తెచ్చి 1959లో ఖాయం చేసిన నియమాలతో అవి పోయాయి, అందుకే అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద ఎప్పుడైనా పాత స్పానిష్ పుస్తకం దొరికితే అందులో గీత ఉండి మీ కొత్త పుస్తకంలో లేకపోతే ఏదీ తప్పు కాదు. "మాత్రమే" అనే అర్థంలో వచ్చే "సొలొ" మీద అయితే స్పెయిన్‌లో పెద్ద గొడవే నడిచింది. ఒంటరిగా అనే అర్థంలోనూ అదే మాట కాబట్టి తేడా కోసం గీత పెట్టేవాళ్ళు, 2010 ఆర్థోగ్రఫీలో అకాడమీ అక్కర్లేదు అంది, రచయితలు చాలామంది ఒప్పుకోలేదు, 2023లో అర్థం అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉందని రాసేవాళ్ళకి అనిపిస్తే పెట్టుకోవచ్చు అని మాట స్పష్టం చేశారు. నేర్చుకునేవాళ్ళకి నా సలహా, పెట్టకండి. అకాడమీ 2010 నుంచీ చెప్తున్న మామూలు పద్ధతి అదే, పెట్టకపోతే తప్పు అనేవాళ్ళు ఉండరు.

పెద్ద అక్షరాలకి గీత అక్కర్లేదని ఒక మాట ప్రచారంలో ఉంది, నమ్మకండి, క్యాపిటల్స్‌కి కూడా పెట్టాల్సిందే, అకాడమీ ఎప్పుడూ మినహాయింపు ఇవ్వలేదు. అలాగే ఎన్ మీద ఉండే అల లాంటి గుర్తుకి నొక్కుతో సంబంధం లేదు, అది వర్ణమాలలో వేరే అక్షరం, మన "ఞ" కి దగ్గరి ధ్వని. సంవత్సరం అనే మాటలో ఆ అల వదిలేస్తే అది మలద్వారం అవుతుంది, వయసు చెప్పే వాక్యంలో ఇది అస్సలు వదలకూడదు. యు మీద రెండు చుక్కలు కూడా వేరే సంగతి, జి (g) కీ ఐ (i) లేదా ఇ (e) కీ మధ్యలో ఉన్న యుని పలకాలి అని మాత్రమే చెప్తాయి.

టైప్ చెయ్యడం పెద్ద కష్టం కాదు. ఫోన్‌లో అచ్చు మీద కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్న రూపం పైన కనిపిస్తుంది. విండోస్‌లో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ కీబోర్డు పెట్టుకుంటే అపాస్ట్రఫీ కొట్టి అచ్చు కొడితే చాలు. ఆఫీసు సిస్టమ్‌లో సెట్టింగ్స్ మార్చనివ్వకపోతే ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద కొట్టండి: గీత ఉన్న ఎ (a) కి 0225, ఇ (e) కి 0233, ఐ (i) కి 0237, ఓ (o) కి 0243, యు (u) కి 0250, అల ఉన్న ఎన్ కి 0241. స్పెల్‌చెక్ మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి, లేని పదాన్ని అది పట్టుకుంటుంది గానీ గీత ఉన్నా లేకపోయినా రెండూ నిజమైన పదాలే అయినచోట మీరు ఏ అర్థంలో రాశారో దానికి చాలాసార్లు తెలీదు, అక్కడ చూసుకోవాల్సింది మీరే.